నీళ్లలోకి దిగని ఆదివారాలు

పోయిన సీజన్‌కి ముందటి సీజన్ ఆఖరి వారం పడవ కడుగుతుంటే, డాగర్‌బోర్డ్ (పడవ పక్కకి జారకుండా అడుగు నుంచి నీళ్లలోకి దించే పలక) పెట్టె పక్కన అడుగు చెక్క మీద నా బొటనవేలు ఆనింది. అక్కడ చెక్క కాస్త లోపలికి వెళ్లింది. మళ్లీ నొక్కి చూశాను. అనుమానం తీరక స్క్రూడ్రైవర్ మొన ఆనిస్తే ఏ అడ్డూ లేకుండా దిగిపోయింది. బయటికి తీస్తే మొనకి నల్లటి తడి పొట్టు అంటుకుని ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నాది మిర్రర్ పడవ. పొడవు పదకొండు అడుగులకి రెండంగుళాలు తక్కువ. జాక్ హోల్ట్ అనే పడవల డిజైనరూ, టీవీలో ఇంటి మరమ్మతులు నేర్పించే బ్యారీ బక్నెల్ అనే ఆయనా కలిసి దీన్ని తయారుచేశారు. 1963లో బయటికి వచ్చింది. మామూలు మనుషులు తమ ఇంట్లోనే కట్టుకోగలగాలన్నది వాళ్ల ఉద్దేశం. ప్లైవుడ్ పలకల అంచులకి బెజ్జాలు పెట్టి, వాటిని రాగి తీగతో బట్ట కుట్టినట్టు కుట్టి, ఆ కుట్ల మీద ఫైబర్‌గ్లాస్ టేపు వేసి రెజిన్ పూస్తే పడవ అయిపోతుంది. డైలీ మిర్రర్ పత్రిక దీని వెనక నిలబడింది కాబట్టి ఆ పేరు వచ్చింది, ఎర్ర తెరచాపలు వచ్చాయి. 70,000కి పైగా తయారయ్యాయట. అందులో ఒకటి, ఎన్ని చేతులు మారిందో ఏమో, నా దగ్గరికి చేరింది. పడవ ముందు భాగంలో, మునగకుండా ఉంచే గాలి ట్యాంకు గోడ మీద, దాన్ని కట్టిన మనిషి పెన్సిల్‌తో వేసుకున్న కొలతలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గీతల మీద రంగు పడకుండా నేను జాగ్రత్తపడుతూ వచ్చాను. అడుగున చెక్క కుళ్లుతుంటే మాత్రం చూసుకోలేదు.

మా తెరచాప పడవల రేసు క్లబ్బు చిన్నది. పడవలు 23. వాటిలో ఆదివారం నీళ్లలోకి దిగేవి పదో పన్నెండో. జీతానికి పనిచేసే మనిషి ఒక్కరూ లేరు. గడ్డి కొయ్యడం దగ్గర్నుంచి రెస్క్యూ బోటు ఇంజన్ నూనె మార్చడం దాకా అన్నీ మేమే. మాలో జీపీ14 పడవ ఉన్న అన్నకి చెక్కపని బాగా తెలుసు. ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన వేలి కణుపులతో అడుగంతా తట్టుకుంటూ వెళ్లాడు. గట్టి చెక్క టకటకమంటుంది, పాడైనది డబ్‌మని ఊరుకుంటుంది. సుద్దముక్కతో ఒక గీత గీశాడు. నేను అనుకున్నదానికి మూడింతలుంది ఆ గీత లోపల చోటు.

"పైపైన పూత పూస్తే పోయేది కాదమ్మా ఇది. మెత్తబడ్డదంతా కోసి తీసెయ్యాలి. వచ్చే సీజన్ మీద ఆశ వదులుకో" అన్నాడు.

వదులుకున్నాను. పడవని షెడ్డులో రెండు బల్లల మీద బోర్లించాం. ఆ సాయంత్రమే డ్యూటీ పట్టిక చూసే కార్యదర్శి గారి దగ్గరికి వెళ్లి, "నా పేరు ప్రతి ఆదివారం రాసుకోండి" అన్నాను.

అలా ఎందుకన్నానో చెప్పాలి. మా దగ్గర ప్రతి సభ్యుడికీ సీజన్‌లో నాలుగు డ్యూటీలు పడతాయి. పన్నెండు పడవలు రేసు చెయ్యాలంటే ఒడ్డు మీదా, రెస్క్యూ బోటులోనూ కలిపి నలుగురు ఉండాలి: రేస్ ఆఫీసర్, టైమ్ రాసేవాళ్లు, రెస్క్యూ బోటు నడిపేవాళ్లు, వాళ్లకి తోడు ఇంకొకరు. ఇన్నేళ్లూ డ్యూటీ అంటే నాకు పోగొట్టుకున్న ఆదివారమే. మంచి గాలి ఉన్న రోజు నా డ్యూటీ పడితే దిగులేసేది. ఎవరైనా మార్చుకుంటారేమోనని ఫోన్లు చేసేదాన్ని. పడవ లేకుండా ఒక సీజన్ అంతా ఇంట్లో కూర్చోవడం కన్నా అదే నయం కదా అనిపించి అడిగాను. అంతకు మించి గొప్ప ఆలోచన ఏమీ లేదు.

మా అమ్మాయికి పదమూడేళ్లు. నా పడవలో క్రూ, అంటే నాకు తోడుగా ఎక్కే రెండో మనిషి, తనే. నాకు పడవ లేకపోతే తనకీ లేదు. కానీ మొదటి ఆదివారమే ఎంటర్‌ప్రైజ్ అనే ఇద్దరెక్కే పడవ నడిపే ఆవిడ వచ్చి, "మా ఆయనకి నడుం పట్టేసింది, పాపని ఇవ్వాళ నాతో పంపుతారా?" అని అడిగింది. తర్వాతి వారం ఇంకొకరు. ఆ సీజన్‌లో మా అమ్మాయి ఆరు పడవల్లో కూర్చుంది. ఎవరు చాప తాడు ఎలా పట్టుకుంటారో, గాలి తగ్గితే ఎవరు చిరాకు పడతారో, ఎవరు పాటలు పాడతారో ఇంటికొచ్చి చెప్పేది.

ఇక నేను ఒడ్డు మీద నేర్చుకున్నది చెప్తాను.

రేసు మొదలు పెట్టించడం తేలిక పని అనుకునేదాన్ని. ఇంకా ఐదు నిమిషాలుండగా క్లాస్ జెండా, అంటే ఏ పడవల రేసో చెప్పే జెండా, ఎక్కుతుంది. నాలుగు నిమిషాలుండగా పీ జెండా, నీలం మధ్యలో తెల్ల చదరం ఉంటుంది. ఒక నిమిషం ఉండగా అది దిగుతుంది. సున్నాకి క్లాస్ జెండా దిగుతుంది, రేసు మొదలు. ప్రతిదానికీ ఒక హారన్. కానీ లెక్క జెండాదే. హారన్ మోగకపోయినా జెండా కదిలిందంటే సమయం అదే. పడవలో ఉన్నప్పుడు నేను చెవులతోనే రేసు మొదలుపెట్టేదాన్ని. ఒడ్డు మీదకి వచ్చాక, జెండా తాడు చిక్కుపడి అర సెకను ఆలస్యమైతే ఎన్ని ముఖాలు ఇటు తిరుగుతాయో చూశాను.

మా స్టార్ట్ లైన్‌కి ఒడ్డున ఒక ఇనుప స్తంభం, నీళ్ల మీద తేలే గుర్తు, ఒక బోయా. స్తంభం వెనక నిలబడి, రెండూ ఒకే గీతలో కనపడేలా ఒక కన్ను మూసి చూడాలి. సున్నా పడేసరికి ఏ పడవ ముక్కు ఆ గీత దాటి ఉందో చెప్పాలి. దాటితే ఎక్స్ జెండా, ఒక హారన్. దాటిన పడవ వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. ఎవరు దాటారో తేల్చలేనంత మంది ఒక్కసారే దాటితే అందరినీ వెనక్కి పిలవాలి. పడవలో ఉన్న ప్రతి మనిషికీ తను లైన్ దాటలేదనే అనిపిస్తుంది. గీత మీద కన్ను పెట్టుకున్నవాళ్లకి తప్ప అది ఎవరికీ తెలియదు. మా పాత రేస్ ఆఫీసర్ గారు కుర్చీలో కూర్చుని చూసేవారు. ఎండ జరిగేకొద్దీ ఆయన కుర్చీ కూడా నీడతో జరిగేది. ఒక రోజు ఆయన పక్కన కూర్చుని చూస్తే, నీడకోసం రెండడుగులు పక్కకి జరిగినందుకే లైన్ మొత్తం మారిపోయిందని గమనించాను. ఆ చోటి నుంచి చూస్తే నిజంగా వెనక ఉన్న పడవ కూడా ముందుకి దాటినట్టు కనపడుతోంది. నేను చెప్తే ఆయన లేచి, స్తంభం వెనక నిలబడి ఒక్క నిమిషం చూశారు. ఏమీ అనలేదు. తర్వాతి వారానికి స్తంభం వెనక కుర్చీ కాళ్లకి సరిపోయేలా నాలుగు ఇటుకలు పాతి ఉన్నాయి.

టైమ్ రాసే పని ఇంకా కష్టం. పెన్ను పనికిరాదు, తడి కాగితం మీద రాయదు. పెన్సిలే. రెండు పెన్సిళ్లు, రెండు గడియారాలు. మూడు పడవలు ఒక్కసారే లైన్ దాటితే ముందు నంబర్లు రాసుకోవాలి, తర్వాత సమయం. ఎందుకంటే సమయాలు గడియారంలో నిలుస్తాయి, వరస మాత్రం కళ్ల ముందు నుంచి పోతుంది.

ఈ పనికి మాకు మనిషి దొరికిన సంగతి చెప్పాలి. మా పడవల స్థలం చివర్లో, గడ్డిలో కూరుకుపోయిన పడవలు ఐదారు ఉంటాయి. కవర్ మీద నీళ్లు నిలిచి, ట్రాలీ టైర్లలో గాలి పోయి ఉంటాయి. యజమానులు చందా కడతారు, రారు. ఏటా వాళ్లకి నోటీసు వెళ్తుంది, పడవ తీసుకెళ్లండి లేదా వాడండి అని. ఈసారి నోటీసు పంపే బదులు నేను ఫోన్ చేస్తానన్నాను. మూడో ఫోన్ ఒక పెద్దాయనకి. ఒకప్పుడు మా క్లబ్బులో వరసగా గెలిచిన మనిషి.

"మోకాళ్లు వంగట్లేదమ్మా. పడవలో ఒక వైపు నుంచి ఇంకో వైపుకి మారలేను. ర్యాంపు మీద ట్రాలీ కూడా లాగలేను. మీరందరూ లాగుతుంటే నిలబడి చూడ్డం ఎందుకని రావట్లేదు" అన్నారు.

రెండేళ్లు. రెండేళ్లుగా ఆయన ఎందుకు రావట్లేదో మాలో ఒక్కరమూ అడగలేదు. బిజీగా ఉన్నారనుకున్నాం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

"బాబాయ్ గారూ, కూర్చుని చేసే పని ఉంది. రండి" అన్నాను.

వచ్చారు. తన పాత గడియారం తెచ్చుకున్నారు. ఆ రోజు నుంచి మా టైమ్ కాగితంలో ఒక్క కొట్టివేత కనపడలేదు. ఆయన ఇంకో పని కూడా మొదలుపెట్టారు. మేం పడవల నంబర్లే రాసేవాళ్లం. ఆయన ఒక్కో నంబర్ పక్కన ఎంతమంది ఎక్కారో రాసి, కింద మొత్తం వేసేవారు. పడవ ఒడ్డుకి చేరగానే ఆ వరసకి టిక్కు. "పడవలెన్ని వచ్చాయో కాదు, మనుషులెంతమంది వచ్చారో తెలియాలి కదా" అనేవారు.

రేసు అయ్యాక ఇద్దరం కూర్చుని లెక్కలు వేసేవాళ్లం. రకరకాల పడవలు కలిసి పోటీ పడాలంటే పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ అనే పద్ధతి ఉంది. ఒక్కో రకం పడవకి ఒక నంబర్. పట్టిన సమయాన్ని వెయ్యితో హెచ్చవేసి ఆ నంబర్‌తో భాగిస్తే సవరించిన సమయం వస్తుంది. మా పట్టికలో ఒక్కరే నడిపే లేజర్‌కి 1100, మిర్రర్‌కి 1390. లేజర్ గంటలో ముగిస్తే 3600 సెకన్లు, సవరిస్తే 3273. మిర్రర్‌కి గంటా పదిహేను నిమిషాలు పడితే 4500 సెకన్లు, సవరిస్తే 3237. పావుగంట వెనక వచ్చిన మిర్రరే 36 సెకన్ల తేడాతో గెలిచినట్టు. ఈ నంబర్ల మీద ఏటా గొడవ జరుగుతుంది. తేలిక గాలిలో ఒకరికి లాభం, పెద్ద గాలిలో ఇంకొకరికి. అయినా నాకు ఈ లెక్క అంటే చాలా ఇష్టం. నెమ్మదిగా వెళ్లే పడవలో ఉన్న తండ్రీకొడుకులు, అందరూ చాపలు విప్పేశాక ఒడ్డుకి చేరి, ఫలితాల బోర్డు దగ్గర తమ నంబర్ మూడో వరసలో చూసుకున్నప్పుడు ఆ పిల్లాడి ముఖం చూడాలి. నేను పడవలో ఉన్నన్నాళ్లూ బోర్డు మీద నా నంబర్ ఒక్కటే వెతుక్కున్నాను. ఆ సీజన్‌లో అందరి నంబర్లూ నేనే రాశాను.

ఇప్పుడు కాస్త కష్టమైన విషయం. సీజన్ మధ్యలో ఒక ప్రొటెస్ట్, అంటే ఒక పడవ మీద ఇంకో పడవ ఫిర్యాదు, వచ్చింది.

ఎదురుగాలిలో పడవ నేరుగా వెళ్లలేదు, అటూ ఇటూ వంకరగా వెళ్లాలి. గాలి కుడి వైపు నుంచి తగులుతుంటే స్టార్‌బోర్డ్ టాక్, ఎడమ వైపు నుంచి తగులుతుంటే పోర్ట్ టాక్. రెండూ ఎదురైతే పోర్ట్ మీదున్నవాళ్లు తప్పుకోవాలి. ఇది రేసు నియమాల్లో పదోది, పిల్లలకి మొదట నేర్పేది. ఎంటర్‌ప్రైజ్ ఆవిడ స్టార్‌బోర్డ్ మీద వస్తోంది. మా క్లబ్బులో అందరికన్నా వేగంగా లేజర్ నడిపే కుర్రాడు పోర్ట్ మీద ఆమె ముందు నుంచి దాటాడు. ఆమె "స్టార్‌బోర్డ్!" అని అరిచి, గుద్దుకుంటామన్న భయంతో చుక్కాని తిప్పేసింది. వెంటనే "ప్రొటెస్ట్!" అని కేకేసింది. ఆరు మీటర్లలోపు పడవలకి ఎర్ర జెండా అక్కర్లేదు, ఆ మాట చాలు. అతను ఆగలేదు. తప్పు జరిగిందనుకుంటే అక్కడే రెండు చుట్లు తిరిగి శిక్ష తీర్చుకోవచ్చు. ఒక్కో చుట్టులో ఒక టాక్ (ముక్కుని గాలికి అడ్డంగా తిప్పడం), ఒక జైబ్ (వెనక భాగాన్ని అలా తిప్పడం). నిమిషంలోపు అయిపోయేది. తిరగలేదు. "నేను శుభ్రంగా దాటాను, నాలుగడుగుల ఎడం ఉంది" అన్నాడు.

విచారణకి ముగ్గురం కూర్చున్నాం: కార్యదర్శి గారు, బాబాయ్ గారు, నేను. బల్ల మీద చిన్న చెక్కబొమ్మ పడవలు పెట్టి ఇద్దరినీ జరిపి చూపించమన్నాం. ఇద్దరూ నిజమే చెప్పారు. నేను అది గట్టిగా నమ్ముతాను. లేజర్‌లో నీటికి ఆనుకుని కూర్చున్న మనిషికి నాలుగడుగులు చాలా దూరం. ఇద్దరెక్కే బరువైన పడవలో, మంచి వేగం మీద వస్తున్న మనిషికి అది ఏమీ కాదు. కానీ ఇలాంటి చోట నియమం సందేహం మిగల్చదు. స్టార్‌బోర్డ్ మీదున్నవాళ్లు గుద్దుకుంటుందని సహేతుకంగా భయపడి తిరగాల్సి వచ్చిందంటే, పోర్ట్ మీదున్నవాళ్లు దారి ఇవ్వనట్టే లెక్క. అతన్ని ఆ రేసు నుంచి తీసేశాం.

నిర్ణయం చదివింది నేనే. చదువుతుంటే నా గొంతు వణికింది. పెద్ద పోటీల్లో తీర్పు చెప్పేవాళ్లు తీర్పు చెప్పి వెళ్లిపోతారు. మేం ఐదు నిమిషాల తర్వాత అదే ర్యాంపు మీద ఒకరి పడవ ఒకరం లాగాలి. ఆ రోజు అతను ఎవరి పడవా లాగలేదు. తన పడవ తనే ఈడ్చుకుని పైకి తెచ్చుకుని వెళ్లిపోయాడు. తర్వాత మూడు వారాలు వచ్చాడు, గెలిచాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడలేదు. చిన్న క్లబ్బులో ఇద్దరు మాట్లాడుకోకపోతే ఆ మౌనం అందరి మీదా పడుతుంది. షెడ్డులోకి అతను వస్తే మిగతావాళ్ల మాటలు ఆగేవి. తీర్పు తప్పు కాదని నాకు తెలుసు. అయినా ఒక మనిషిని పోగొట్టుకుంటున్నామేమోనని టెన్షన్‌గా ఉండేది.

నాలుగో వారం గాలివాన వచ్చింది.

పొద్దున గాలి హాయిగా ఉంది, ఏడెనిమిది నాట్లు, అంటే గంటకి పదమూడు పద్నాలుగు కిలోమీటర్లు. నీళ్లలో 11 పడవలు. నేను రెస్క్యూ బోటులో రెండో మనిషిని. మా అమ్మాయి ఎంటర్‌ప్రైజ్‌లో ఉంది. రెండో రౌండ్ జరుగుతుండగా గాలి చచ్చినట్టు ఆగిపోయింది. చాపలన్నీ వేలాడబడ్డాయి. అటు ఒడ్డున నీళ్ల మీద నల్లటి గీత ఒకటి కనపడింది. ఇటే వస్తోంది. మా బోటు నడిపే అన్న ఇంజన్ స్టార్ట్ చేసి, కిల్‌కార్డ్ తొడకి సరిగ్గా చుట్టుకుని ఉందో లేదో చేత్తో తడిమి చూసుకున్నాడు. తను నీళ్లలో పడితే ఆ తాడు ఊడి ఇంజన్ ఆగిపోవాలి. ఒడ్డు మీద ఎన్ జెండా, దాని కింద హెచ్ జెండా ఎక్కాయి. మూడు హారన్‌లు. రేసు రద్దు, అందరూ ఒడ్డుకి రావాలి.

ఎవరికీ టైమ్ లేదు. ఆ గీత తగలగానే ఒకదాని వెనక ఒకటి ఆరు పడవలు తిరగబడ్డాయి.

రెస్క్యూ బోటులో మొదటి పాఠం మనుషుల్ని లెక్కపెట్టడం. పడవలు తర్వాత. ఒక్కో బోర్లా పడ్డ పడవ దగ్గర ఎన్ని తలలు కనపడుతున్నాయో చూడాలి, తక్కువ కనపడ్డచోటికి ముందు వెళ్లాలి. నేను చూసిన మొదటి పడవ నీలం చాపల ఎంటర్‌ప్రైజ్. చూపు అక్కడే ఆగిపోయింది. నా చెయ్యి దానంతట అదే అటు చూపించింది.

"అక్కా, మీ పాప పడవ మీద కూర్చుంది. ఇద్దరూ కనపడుతున్నారు. జీపీ దగ్గర ఒక్కరే ఉన్నారు. ముందు అటు" అన్నాడు అన్న.

అతని మాటే సరైనది. బోటు అటు తిరిగింది. నా వీపు నా బిడ్డ వైపు పెట్టి ఆ రెండు వందల మీటర్లు వెళ్లడం ఎలా ఉందో రాయడానికి నాకు మాటలు చాలవు.

జీపీ14 పూర్తిగా తలకిందులైంది. మాస్ట్, అంటే తెరచాప కట్టే స్తంభం, కొన అడుగు బురదలో దిగిపోయింది. చెక్కపని అన్న పడవ మీద పట్టుకుని ఉన్నాడు. ఆయన క్రూ అటు వైపు జిబ్ (ముందుండే చిన్న చాప) తాడు పట్టుకుని వేలాడుతున్నాడు, అందుకే మాకు కనపడలేదు. "ఇద్దరం ఉన్నాం!" అని అరిచాడు చెక్కపని అన్న. దగ్గరికి చేరగానే ఇంజన్ ఆపేశాం. నీళ్లలో మనిషి ఉన్నప్పుడు పక్కన ప్రొపెల్లర్ తిరగకూడదు. లైఫ్ జాకెట్ భుజాలు పట్టుకుని ఇద్దరినీ లోపలికి లాగాం. పడవని అక్కడే వదిలేశాం. బురదలో దిగిన మాస్ట్‌ని తొందరపడి లాగితే వంగిపోతుంది. అది దిగిన వాలులోనే నెమ్మదిగా బయటికి తియ్యాలి, గాలి తగ్గాక.

తర్వాత ఆప్టిమిస్ట్ పిల్లాడు. ఆప్టిమిస్ట్ అంటే పిల్లల పడవ. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన గీసిన డిజైన్. ముక్కు లేని పెట్టెలా ఉంటుంది, ఒక్కరికే చోటు. ఆ పిల్లాడు పడవని సొంతంగా నిలబెట్టేసి, అందులో నిండిన నీళ్లు డబ్బాతో తోడుతున్నాడు. ఏడవట్లేదు. మమ్మల్ని చూశాక ఏడ్చాడు.

అప్పుడు నేను వెనక్కి తిరిగి చూశాను. ఎంటర్‌ప్రైజ్ పక్కన ఒక లేజర్ ఉంది. గాలికి ఎదురుగా ముక్కు పెట్టి, చాప వదిలేసి, రెండు గజాల దూరంలో నిలబడి ఉంది. ఆ కుర్రాడిదే. తర్వాత మా అమ్మాయి చెప్పింది. అతను తిరగబడలేదట. నేరుగా ఒడ్డుకి వెళ్లిపోవచ్చు. వెళ్లకుండా వీళ్ల దగ్గరికి వచ్చి, "సెంటర్‌బోర్డ్ మీద నువ్వు నిలబడు, ఆంటీని లోపల వైపు ఉండమను, మెయిన్ తాడు వదిలేశారా?" అని ఒక్కొక్కటే చెప్పి లేపించాడట. పడవ లేచి మళ్లీ పడిందట. మళ్లీ లేపించాడట. ఒడ్డు దాకా పక్కనే వచ్చాడు.

ర్యాంపు దగ్గర బాబాయ్ గారు గొడుగు ఎగిరిపోతే వానలోనే నిలబడి కాగితం గుండెకి అదుముకుని టిక్కులు పెడుతున్నారు. "పదహారు" అన్నారు. ఒకరు తక్కువ. ఎవరూ కదల్లేదు. నాలుగు లేజర్లలో ఒకటి అటు ఒడ్డున రెల్లుగడ్డిలోకి కొట్టుకుపోయి ఉంది. దాని యజమాని గట్టు వెంబడి నడుచుకుంటూ వస్తున్నాడు. ఆయన కనపడగానే బాబాయ్ గారు "పదిహేడు" అని కాగితం కింద గీత గీశారు. అప్పుడే ఆయన కుర్చీలో కూర్చున్నారు.

ఆ రోజు అందరం అందరి పడవలూ లాగాం. నియమాల పుస్తకంలో మొట్టమొదటి నియమం ఆపదలో ఉన్నవాళ్లకి సాయం చెయ్యాలన్నదే. దారి ఇవ్వడం, లైన్ దాటడం, చుట్లు తిరగడం అన్నీ ఆ తర్వాతే. ఎంటర్‌ప్రైజ్ ఆవిడ అతని పడవ ట్రాలీ ఒక పక్క పట్టుకుంది, ఇంకో పక్క అతను. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. పైదాకా వచ్చాక ఆమె ట్రాలీ వదిలి, చక్రం కింద అడ్డంగా రాయి పెట్టింది.

జీపీ14 మాస్ట్ సాయంత్రానికి బయటికి వచ్చింది. కొన మీద మూరెడు బురద ఉంది, వంకర మాత్రం లేదు.

నా పడవ సంగతి. సీజన్ అంతా రేసు అయ్యాక గంటో అరగంటో చెక్కపని అన్న షెడ్డుకి వచ్చేవాడు. కుళ్లినదంతా కోసేశాం. కొత్త ముక్కని పాతదానికి అతకాలంటే రెండు అంచుల్నీ ఏటవాలుగా చెక్కాలి. ఆ వాలు చెక్క మందానికి ఎనిమిది రెట్లు ఉండాలి. 5 మిల్లీమీటర్ల ప్లైకి 40 మిల్లీమీటర్లు. నేను మొదట చెక్కిన అంచు పట్టీ పెట్టి చూసి, "ఇంకోసారి" అన్నాడు. మూడోసారికి ఒప్పుకున్నాడు. ఎపాక్సీ జిగురు ఒకేసారి ఎక్కువ కలపకూడదని కూడా ఆయనే నేర్పాడు. లోతైన కప్పులో ఎక్కువ పోస్తే దాని వేడికి అదే ఉడికిపోయి, బ్రష్ ముంచేలోపు గట్టిపడుతుంది. కొంచెం కలుపు, వెడల్పు పళ్లెంలో పరుచు, త్వరగా పూయి. బిగింపులు పెట్టడానికి ఇద్దరి చేతులు చాలకపోతే షెడ్డు ముందు నుంచి వెళ్లేవాళ్లని పిలిచేవాళ్లం. ఒక ఆదివారం లేజర్ కుర్రాడు కూడా వచ్చి, అడక్కుండానే రెండు బిగింపులు తిప్పి వెళ్లాడు.

పెన్సిల్ కొలతలున్న గోడ జోలికి వెళ్లలేదు. కోసిన చోట కొత్త చెక్క లోపలి వైపు, పూత వేసే ముందు, ఈ మరమ్మతులో చెయ్యి వేసినవాళ్లందరి తెరచాప నంబర్లూ నేను పెన్సిల్‌తో రాశాను. తొమ్మిది నంబర్లు అయ్యాయి.

కొత్త సీజన్ మొదటి వారం పడవని నీళ్లలో వదిలి ఐదు నిమిషాలు కదలకుండా పట్టుకుని నిలబడ్డాం, నేనూ మా అమ్మాయీ. డాగర్‌బోర్డ్ పెట్టె చుట్టూ పొడిబట్టతో తుడిచి, ఆ బట్ట ముక్కుకి దగ్గరగా పెట్టుకుని చూశాను. పొడిగా ఉంది. "ఎక్కు" అన్నాను.

డ్యూటీ పట్టికలో ఈ సీజన్ నాకు నాలుగు ఆదివారాలే రాశారు. ఎనిమిది చేయించుకున్నాను. మిగిలినవి నీళ్లలో.

ఐదు నిమిషాల జెండా ఎక్కింది. హారన్ వినపడకముందే చూశాను. లైన్ చివరి దాకా వెళ్లి వెనక్కి తిరుగుతూ ఒడ్డు వైపు చూస్తే, కొత్తగా చేరిన అమ్మాయి స్తంభం వెనక కుర్చీలో కూర్చుని ఉంది. ఎండ మొహం మీద పడుతోంది. నీడ రెండడుగుల పక్కనే ఉంది. ఆమె జరగలేదు. ఒక కన్ను మూసుకుని లైన్ వైపే చూస్తోంది. పక్కన బాబాయ్ గారు పెన్సిల్ చెక్కుకుంటున్నారు.